జీపు ఎత్తు పెరిగింది... ఆ తర్వాత?

శ్రీశైలం వెళ్లిన వాళ్లలో కొందరు మల్లన్న దర్శనంతో ఆగరు. నల్లమల లోపల కొలువైన ఇష్టకామేశ్వరి అమ్మవారినీ చూసి రావాలనుకుంటారు. దోర్నాల వైపు కొంతదూరం తారురోడ్డు. అక్కణ్నుంచి అడవి బాట. బాట అనడమే గానీ... అన్నీ బండరాళ్లు, గుంతలు, వాగు కోసిన గాళ్లు. మామూలు కారు పోదు. అటవీశాఖ అనుమతి ఉన్నప్పుడు జీపు ఎక్కాల్సిందే. పైనున్న రాడ్డు పట్టుకుని, ఒకరి మీద ఒకరు పడుతూ లేస్తూ అమ్మవారి దగ్గరకు చేరేసరికి ఒళ్లు హూనం!

అలాంటి దారి ఒకసారి చూశాక, సొంత జీపో థారో ఉన్న కుర్రాళ్లకు వచ్చే మొదటి ఆలోచన- బండి ఎత్తు పెంచాలని. గ్యారేజీలో వదిలితే సాయంత్రానికి రెండంగుళాలు లేచి ఠీవిగా నిలబడుతుంది. పని అయిపోయిందనుకుంటారు. నిజానికి అయింది సగమే.

ఇంతకీ లేచిందేమిటి? పాత మహీంద్రా జీపులకు ముందూ వెనకా కమాన్ కట్టలే. వాటిని మార్చినా, పొడవాటి షాకిళ్లు వేసినా పైకి లేచేది ఛాసిస్, దానిమీది బాడీ. చక్రాల మధ్య ఉండే ఇరుసు, దానికి బొడ్డులా వేలాడే డిఫరెన్షియల్ మాత్రం ఎక్కడివక్కడే! బండరాయి ముందుగా తగిలేది దానికే కదా. అది లేవాలంటే పెద్ద టైర్లు వేయాలి. టైరు వ్యాసం 5 సెంటీమీటర్లు పెరిగితే ఇరుసు లేచేది రెండున్నరే. అలాగని ఎత్తు పెంచడం దండగని కాదు. బండి పొట్ట రాతికి ఆనదు, పెద్ద టైరు మడ్‌గార్డుకు రాసుకోదు. కాకపోతే ఆ రెండంగుళాలకు తగ్గట్టు మిగతా భాగాలన్నీ సర్దుకోవాలి. వాటంతటవి సర్దుకోవు.

మొదటి తిరకాసు స్టీరింగుతో. సైకిల్ ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, వెనక్కి కాస్త వాలి ఉంటుంది. చేతులు వదిలి తొక్కే కుర్రాడి ధైర్యమంతా ఆ వాలులోనే ఉంది. జీపు ముందు చక్రాలకూ అలాంటి వాలే ఉంటుంది. దాన్నే కాస్టర్ అంటారు. ముందు షాకిళ్లు పొడవు పెంచితే ఇరుసు ఒరిగి ఆ వాలు మారిపోతుంది. వాలు తగ్గిందంటే, మలుపు తిప్పాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రాదు. తిన్నటి రోడ్డు మీద కూడా బండి అటూ ఇటూ తూలుతుంది. కమాన్ కట్టకూ ఇరుసుకూ మధ్య ఏటవాలు షిమ్ములు పెట్టి సరిచేస్తారు. అదీ కొలిచే! ఎక్కువైతే ముందు ప్రొపెల్లర్ షాఫ్టు కోణం చెడుతుంది. స్టీరింగు లింకు కూడా వాలిపోయి ఉంటుంది కాబట్టి అలైన్‌మెంట్ చూపించడం తప్పదు. అన్నట్టు... పొడవాటి షాకిల్‌తో ఇంకో మోసం ఉంది. దాన్ని రెండంగుళాలు పెంచితే బండి లేచేది దాదాపు ఒక్క అంగుళమే.

వెనక షాఫ్టు సంగతి వేరు. షాఫ్టు ఎంత పొట్టిదైతే బాధ అంత ఎక్కువ. అర మీటరు షాఫ్టుకు 5 సెంటీమీటర్ల ఎత్తు కలిస్తే కోణం ఆరు డిగ్రీల దాకా మారుతుంది. మీటరు షాఫ్టుకైతే మూడే. రెండు చివర్లా ఉండే యూనివర్సల్ జాయింట్ల కోణాలు సమానంగా లేకపోతే వేగం పెరిగేకొద్దీ అడుగు నుంచి జలదరింపు మొదలవుతుంది. పట్టించుకోకుండా తిప్పితే జాయింట్లు త్వరగా అరిగిపోతాయి.

ఇవన్నీ ఇబ్బందులే గానీ, ప్రాణం మీదకు తెచ్చేది మాత్రం ఒక చిన్న రబ్బరు గొట్టం. ఛాసిస్ నుంచి ఇరుసుకు దిగే బ్రేకు హోస్! బండి లేచింది, హోస్ పొడవు పాతదే. చదును నేల మీద ఏమీ తెలియదు. గుంతలోకి ఒక చక్రం పూర్తిగా వేలాడినప్పుడు ఆ గొట్టం తీగలా బిగుసుకుంటుంది. రెండుసార్లు బతకొచ్చు, మూడోసారి తెగొచ్చు. తర్వాత దిగాల్సింది ఘాట్‌రోడ్డు. అందుకే గ్యారేజీ నుంచి కదలకముందే జాకీని ఇరుసు కింద కాకుండా ఛాసిస్ కింద పెట్టి లేపించాలి. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు హోస్‌కు ఇంకా వదులు ఉందా? స్టీరింగు అటు చివరికీ ఇటు చివరికీ తిప్పినా ఉందా? షాక్ అబ్జార్బర్లనూ అప్పుడే చూడాలి. పాతవే ఉంచితే చక్రం బరువంతా వాటికే వేలాడుతుంది. మరీ పొడవాటివి వేస్తే చక్రం పైకొచ్చినప్పుడు లోపల గుద్దుకుంటాయి.

2010లో వచ్చిన థార్‌కు ముందు టార్షన్ బార్లు, వెనక కమాన్లు. 2020 థార్‌కైతే అన్నీ కాయిల్ స్ప్రింగులే. వాటి లెక్కలు వేరు గానీ బ్రేకు హోస్ పరీక్ష మాత్రం అన్నిటికీ ఒకటే.

చట్టం మాటేమిటి? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ పడొచ్చు. పని మొదలెట్టేముందు రవాణాశాఖ వాళ్లను అడగాల్సిందే. ముక్కు లేచిన బండి హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలో కొడతాయి. వాటినీ దించాలి.

బిగింపుల దగ్గర తొందర పనికిరాదు. రబ్బరు బుష్షులున్న షాకిల్ బోల్టుల్ని బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగిస్తే, చక్రాలు నేలకు ఆనగానే రబ్బరు మెలితిరుగుతుంది. ముందు వదులుగా పట్టించి, బరువు చక్రాల మీద పడ్డాకే గట్టిగా బిగించాలి. ఇరుసును కమాన్ కట్టకు పట్టి ఉంచే యూ బోల్టులు కొత్తవే వాడాలి, పాతవి సాగి ఉంటాయి. కొత్త కట్టలు కొంత తిరిగాక కుదురుకుంటాయి కాబట్టి వాటినీ మళ్లీ బిగించాలి. నట్టు మీదుగా బోల్టు మీదికి తెల్లరంగుతో ఒక గీత గీయించుకుంటే సులువు. అడవిలోకి వెళ్లొచ్చాక బండి కిందకు దూరి, ఆ గీత కలిసే ఉందో తప్పిందో టార్చిలైటు వేసి చూడొచ్చు.