మెతూషెల వయసు, మన వయసు

బైబిల్లో ఆదాము 930 ఏళ్ళు, నోవహు 950 ఏళ్ళు, మెతూషెల 969 ఏళ్ళు బ్రతికారని ఉన్నది, ఇది నేటి సైన్సుకు ఎలా పొసుగుతుందని తిరువళ్ళూరు, తిరుత్తణి వైపు పాఠకులు అడుగుతుంటారు. అడిగేది క్రైస్తవ సోదరులే కాదు. నూహ్ ప్రవక్త తన జనుల మధ్య 950 ఏళ్ళు ఉన్నారని ఖురాన్‌లోనూ ఉంది. రామాయణంలో దశరథుని వయసు 60 వేల ఏళ్ళు. కాబట్టి ప్రశ్న అందరిదీ.

ఆ కాలంలో నెలనే ఏడాదిగా లెక్కించారని కొందరు సమాధానం చెబుతారు. 969ని 12తో భాగిస్తే సుమారు 80 వస్తుంది, బాగానే ఉంది. కానీ అదే గ్రంథం ప్రకారం మహలలేలుకు 65వ ఏట కుమారుడు పుట్టాడు. దాన్నీ భాగించండి, అయిదేళ్ళ పిల్లవాడు తండ్రి అయినట్టవుతుంది! పైగా పాత గ్రీకు ప్రతిలో, హీబ్రూ ప్రతిలో అంకెలే వేరు. లెమెకు ఆయుష్షు ఒకదానిలో 777, మరొకదానిలో 753. ప్రళయం తరువాత ఆయుష్షు తగ్గుతూ అబ్రాహాము 175, మోషే 120కి వస్తారు. ఇది వంశ గౌరవాన్ని, దైవానికి దూరమవుతున్న మనిషిని చెప్పే లెక్క అని, ఆసుపత్రి రిజిస్టరు కాదని నా అభిప్రాయం. విశ్వాసానికి దీనివల్ల లోటేమీ లేదు. బలవంతాన అతికించే సైన్సే ఇద్దరికీ చేటు.

సరిగా రుజువైన వయసుల్లో అన్నిటికన్నా పెద్దది ఫ్రాన్సుకు చెందిన జాన్ కాల్మాన్ గారిది. 1997లో 122వ ఏట కన్నుమూశారు. మన కణాలు కొన్ని పదుల సార్లు విభజన జరిగాక ఆగిపోతాయని 1961లో హేఫ్లిక్ చూపించారు. ఇక వయసు రుజువు చేయడమన్నది ఎంత కష్టమో మన ఊరే సాక్షి. తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి పుట్టినరోజు 1888 సెప్టెంబరు 5 అని దేశమంతా పండుగ చేస్తుంది. అసలు తేదీ 1887 సెప్టెంబరు 20 అని ఆయనే భావించేవారని కుమారుడు గోపాల్ గారు జీవిత చరిత్రలో రాశారు. రాష్ట్రపతి సంగతే అలా ఉంటే మన తాతల మాటేమిటి? 2010లో జపానులో చూస్తే, నూరేళ్ళు దాటి బ్రతికి ఉన్నట్టు కాగితాల మీద ఉన్న 2.3 లక్షల మందికి పైగా ఆచూకీయే లేదు.

మా యునానీలో మనిషిని దీపంతో పోలుస్తారు. రుతూబతె గరీజియా అంటే పుట్టుకతో వచ్చిన తేమ, అది నూనె. హరారతె గరీజియా, సహజమైన వేడి, అది మంట. నూనె అయిపోతే దీపం ఆరుతుంది. వైద్యం చావును తప్పించదని, నూనె వృథాగా పోకుండా కాపాడటమే దాని పని అని ఇబ్న్ సీనా స్పష్టంగా రాశారు. ఆయన స్వయంగా అరవై కూడా చూడలేదు. మనిషి సహజాయువు 120 ఏళ్ళని వైద్యులు చెబుతారని 14వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్దూన్ రాశారు. కాల్మాన్ గారి వయసుకు ఎంత దగ్గరో చూడండి.

ఇంత ఎందుకు రాస్తున్నానంటే, ఆడికృత్తిక వంటి జన సమ్మర్దంలో ప్రవక్తల పేరు చెప్పి ఆయుర్వృద్ధి మాజూన్‌లు, కుష్తాలు అమ్మేవాళ్ళు ఉంటారు. కుష్తా అంటే లోహ భస్మం. సరిగా తయారు కానిదైతే అందులోని సీసం, పాదరసం మూత్రపిండాలను తినేస్తాయి. అది వాడుతూ బి.పి., షుగరు మాత్రలు మానేసేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. అమ్మేది మా యునానీ పేరుతోనే అయినా సరే, కొనవద్దు.

1951 నాటికి మన దేశంలో సగటు ఆయుష్షు 32 ఏళ్ళు, నేడు సుమారు 70. ఈ పెరుగుదల ఏ లేహ్యంతోనూ రాలేదు. టీకాలు, శుభ్రమైన నీళ్ళు, కాన్పుల్లో జాగ్రత్త, తిండి వల్ల వచ్చింది. గాలి, ఆహారం, కదలిక, మనసు, నిద్ర, విసర్జన అని మేము చెప్పే అస్బాబె సిత్తాలోనూ చాలా వరకు ఇవే.

దవాఖానాకు వచ్చే పెద్దలు వయసు ఉజ్జాయింపుగా చెప్పినా ఫరవాలేదు. నాడి చూసి, బలం చూసి మందు ఇస్తాము. ఇప్పుడు వేసుకుంటున్న మాత్రల చీటీ మాత్రం మరవకుండా తీసుకురండి.