చీలమండల లోతు నీళ్లు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని పెద్దల మాట. అర్లి టీ, సిర్పూర్ యూ, గిన్నెధరి. మామూలు రోజుల్లో పక్క జిల్లావాళ్ల నోట కూడా వినపడని ఈ ఊళ్ల పేర్లు చలికాలమంతా పేపర్లలో కనిపిస్తూనే ఉంటాయి, రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రతల పట్టికలో. ఆ పట్టికను వెతుక్కుని చదివే రోజులు అయిపోవచ్చాయి. టేకు ఆకు రాలుతోంది. మోదుగ మొగ్గ తొడుగుతోంది. యాసంగి నాట్లు పడి తూములు తెరిచారు కాబట్టి చెరువుల్లో నీళ్లు రోజుకింత వెనక్కి జరుగుతున్నాయి. మెడలో బైనాక్యులర్ వేసుకుని, గొంతు తగ్గించి మాట్లాడుకుంటూ, తెల్లారకముందే కట్టల మీదా అడవి బాటల మీదా నడిచే మనుషులు ఎక్కువగా కనిపించేదీ ఈ రోజుల్లోనే.

కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వ్ అయ్యాక జన్నారం వచ్చేవాళ్లలో చాలామంది పులి కోసమే వచ్చారు. పులి మాత్రం అడిగినవాళ్లందరికీ దర్శనమిచ్చే రకం కాదు. వట్టి చేతులతో తిరిగి వెళ్లాల్సిన వాళ్లను పిట్టలు ఆదుకున్నాయి. జన్నారంలోనూ, అటు కాగజ్‌నగర్ డివిజన్‌లోనూ అటవీశాఖే కొన్నేళ్లుగా బర్డ్ వాక్‌లు పెడుతోంది. మైసమ్మ కుంట, బైసన్ కుంట లాంటి పేర్లు నగరాల్లో కొందరికైనా నోటికొచ్చాయి. మంచి పరిణామమే. కాకపోతే ఈ నడకల్లో ఒక జబ్బు కూడా ఉంది. ఎన్ని రకాలు చూశామన్న లెక్కే గొప్పయి, కొమ్మ మీది పిట్టను పేరు పెట్టి పిలిచి, టిక్కు పెట్టి, అది ఏం తింటోందో చూడకుండానే ముందుకు సాగిపోవడం.

పిట్టల్ని లెక్కపెట్టడం ఈ నేలకు మరీ కొత్తేమీ కాదు. 1931-32లో సాలిం అలీ నిజాం సంస్థానంలో క్యాంపులు వేసి తిరిగి పక్షుల సర్వే చేశారు. తర్వాత దేశమంతా ఆయన చేసిన అలాంటి సర్వేలకు ఇదే మొదలు. అప్పట్లో లెక్కంటే తుపాకీతో కొట్టి, తోలు ఒలిచి, చీటీ కట్టి పెట్టెలో భద్రం చేయడం. 1980లో హైదరాబాద్‌లో బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ పుట్టేనాటికి తుపాకీ పోయి బైనాక్యులర్ వచ్చింది. ఇప్పుడు డెక్కన్ బర్డర్స్‌గా పేరు మార్చుకున్న ఆ సంఘం తన పత్రికకు పెట్టుకున్న పేరు 'పిట్ట'. అంతకన్నా మంచి పేరు ఇంకేం దొరుకుతుంది?

చలి చివర్లో అడవిగుండా నడవడమైతే ఇంకా పాత సంగతి. పుష్య మాసంలో గోండుల్లోని మెస్రం వంశం వాళ్లు తమ దేవుడు నాగోబా అభిషేకానికి గోదావరి నీళ్లు తేవడానికి కేస్లాపూర్ నుంచి జన్నారం దగ్గరి హస్తినమడుగు దాకా కాలినడకన వెళ్తారు. తెల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు, వరుస తప్పని నడక. రానూ పోనూ రోజుల తరబడి సాగే ఆ ప్రయాణం అమావాస్య రాత్రి పూజతో జాతరవుతుంది. వాళ్లు పిట్టల కోసం నడవరు. కానీ ఏ వాగు దగ్గర ఏది అరుస్తుందో, ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో తెలుసుకోవడానికి వాళ్లకు పుస్తకం అక్కర్లేదు. దీపావళికి గుస్సాడీ ఆడేవాళ్ల నెత్తిన ఎక్కే నెమలీకల టోపీని చూసినా చాలు, ఈ అడవిలో మనిషికీ పిట్టకీ ఉన్న చుట్టరికం తెలుస్తుంది. బర్డ్ వాక్ గైడుగా ఎవర్ని పెట్టుకోవాలన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. 1986లో కడప జిల్లా లంకమల అడవిలో కలివికోడి మళ్లీ దొరికినప్పుడు కూడా ముందు దాన్ని పట్టింది ఐతన్న అనే స్థానిక వేటగాడే. కనిపించి ఎనభై ఏళ్లు దాటిపోయిందనో, ఇక లేదనో శాస్త్రజ్ఞులు వదిలేసుకున్న పిట్ట అది.

ఒక్క చెట్టు దగ్గర అరగంట నిలబడే ఓపిక ఉంటే మోదుగ చెట్టును మించింది లేదు. ఆకంతా రాలిపోయి పువ్వే మిగిలిన చెట్టు. ఎండెక్కకముందు పువ్వు అడుగున తేనె ఊరి ఉంటుంది. గోరింకలు గుంపుగా వాలి ముక్కు లోపలికి గుచ్చి తాగుతాయి. పుప్పొడి నుదుటికి అంటుకుని పక్క పువ్వుకు చేరుతుంది. పసుల పోలిగాడు మధ్య కొమ్మ తనదేనన్నట్టు కూచుని వచ్చిన ప్రతిదాన్నీ తరుముతాడు, తరిమిన సందులో తానూ ఓ గుక్క తాగుతాడు. తేనెపిట్ట వాటి మధ్య ఇమడలేక చివరి కొమ్మలకు పోతుంది. పికిలి పిట్టలకు తేనెతో పాటు దాని కోసం వచ్చే పురుగు కూడా కావాలి. చిలుకలకు ఇంత మర్యాద లేదు. పువ్వునే కొరికి తేనె పీల్చి తొక్కను కింద పడేస్తాయి. చెట్టు కింద ఎర్రగా పరుచుకున్న పూలల్లో సగం అవి కొరికి పారేసినవే. ఆ గుంపులో ఒళ్లు గులాబీరంగు, తల నలుపు ఉన్న గోరింక కనిపిస్తే అది మధ్య ఆసియా నుంచి వచ్చిన చుట్టం. అక్కడ మిడతల్ని తిని పిల్లల్ని పెంచుతుంది, ఇక్కడికొచ్చి జొన్నచేల మీద పడుతుంది. మంచె ఎక్కి వడిసెల తిప్పిన తరానికి దాని అందం గురించి చెప్పబోతే నవ్వుతారు. నవ్వే హక్కు వాళ్లకుంది.

అడవిలో అందరూ చూడాలనుకునేది వేరే ఉంది. బెజ్జూరు అడవిలో పెద్దవాగు పైన నిటారుగా లేచిన పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగు ముక్కు రాబందుల గూళ్లు బయటపడ్డాయి. దూరం నుంచి చూస్తే రాయి మీద సున్నం ఒలికినట్టు తెల్లటి చారలు. అవి రెట్టలు. చార ఎక్కడ మొదలైతే అక్కడ అరుగు, అరుగు మీద గూడు, గూట్లో ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు. చలికాలంలో గుడ్డు పెట్టి ఎండలు ముదిరేలోపు పిల్లను ఎగరేయాలి. గుట్టకు కాపలాగా అటవీశాఖ ఆ చుట్టుపక్కల యువకులనే పెట్టుకుంది.

ఆ గూళ్లు ఎందుకంత అపురూపమయ్యాయో నలభై దాటినవాళ్లందరికీ తెలుసు. చచ్చిన గొడ్డును ఊరవతల పడేస్తే ఆకాశం నల్లబడేది. తొంభైల్లో ఏమైందో ఏమో, ఆ గొడ్డు కుక్కల పాలైంది. కారణం 2004లో గానీ తేలలేదు. పశువుల నొప్పికి వాడే డైక్లోఫెనాక్ మందు కళేబరంలోంచి రాబందు కడుపులోకి పోయి మూత్రపిండాలను చంపేస్తోంది. పశువైద్యంలో దాన్ని 2006లో నిషేధించారు. అదే పని చేసే కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను నిషేధించడానికి 2023 దాకా పట్టింది. రాబందుకు హాని చేయని మెలాక్సికామ్ ఈ మధ్యకాలమంతా అందుబాటులోనే ఉంది.

ఇందులో చాలామంది పట్టించుకోని ముచ్చట ఒకటుంది. రాబందులు పోతున్నాయని దేశానికి ముందుగా తెలిసింది భరత్‌పూర్ కేవలదేవ్ పార్కులో. పక్షి శాస్త్రజ్ఞుడు విభు ప్రకాశ్ అక్కడ ఎనభైల్లోనే గూళ్లు లెక్కపెట్టి రాసిపెట్టారు కాబట్టి, పదేళ్ల తర్వాత మళ్లీ లెక్కపెడితే ఎంత పోయిందో కళ్లకు కట్టింది. ఎనభైల్లో రాబందును లెక్కపెట్టడమంటే ఇవాళ కాకుల్ని లెక్కపెట్టడమే. ఎందుకు దండగ అనుకునే పని. అరుదైన పిట్ట కోసం వంద కిలోమీటర్లు పోయేవాళ్లు సొంత ఊరి చెరువు మీద ఏటా అదే వారం, అదే కట్ట మీద నిలబడి బుడబుంగలెన్ని, నీటికాకులెన్ని, గుడ్డికొంగలెన్ని అని రాసుకుంటే అది ఇంకో ఇరవై ఏళ్లకు పనికొస్తుంది. జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఈ పద్ధతినే నమ్ముకుంది. ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులు ప్రపంచమంతా ఇళ్ల దగ్గరి పిట్టల్ని లెక్కపెట్టే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో మన దేశం 2013 నుంచి చేరింది. పెరట్లో జామచెట్టున్నా చాలు, చేరొచ్చు.

చెరువు దగ్గరికి వస్తే అసలు కథ అక్కడుంది. మన తెలంగాణకు సముద్రం లేదు. పులికాట్‌లో రాజహంసలు దిగితే సూళ్లూరుపేటలో పండుగ చేస్తారు, మనం పేపర్లో ఫొటో చూసుకుంటాం. కానీ ఇరవై నాలుగు టీఎంసీల దిగువ మానేరు కట్ట మీద పొద్దున్నే నిలబడితే అవతలి ఒడ్డు పొగమంచులో కలిసిపోయి అలలు రాళ్లకు కొట్టుకునే చప్పుడే మిగులుతుంది. కరీంనగర్ పిల్లలకు తీరం అంటే అదే. గోదావరి వెంట ఉన్న జలాశయాలకు శీతాకాలం వచ్చే పట్టెతల బాతులు టిబెట్ పీఠభూమి నుంచి హిమాలయాల మీదుగా ఎగిరొస్తాయి. పరికరాలు కట్టి చూస్తే ఏడు వేల మీటర్లకు పైన ఎగిరినవీ ఉన్నాయి. కావ్యాల్లో రాత్రంతా జంటను విడిచి ఏడ్చే చక్రవాకం కూడా ఇక్కడికి వస్తుంది. కవులు ఎంత విరహం అంటగట్టినా, చూసేవాళ్లకు అది ఇసుక తిన్నె మీద తీరిగ్గా ఒళ్లు సర్దుకుంటున్న నారింజరంగు బాతు.

వీటిలో కొన్నింటికే లోతు నీళ్లు కావాలి. మిగిలిన పిట్టల్లో చాలావాటికి చెరువు నడుమ పని లేదు. వాటి బతుకంతా అంచులో ఉంది. జిట్టంగికి తడి మట్టి చాలు. చిన్న ఉల్లంకికి చీలమండ మునిగీ మునగని నీళ్లు, పొడుగుకాళ్లదానికి ఇంకో బెత్తెడు, నత్తగుల్ల కొంగకు మోకాటి లోతు. ముక్కు ఎంత పొడుగైతే బురదలో అంత లోతుకు దిగుతుంది, పైపొర పురుగు ఒకరిది, అడుగు పొరది ఇంకొకరిది. పంక్తి భోజనంలో ఎవరి విస్తరి వాళ్లదే అన్నట్టు. యాసంగికి నీళ్లు వదిలి చెరువు కుంగేకొద్దీ కొత్త బురద తేలుతుంది, ఆ వడ్డన రోజూ ముందుకు జరుగుతుంది. మార్చి నెలాఖరుకు వీటిలో వలస వచ్చినవన్నీ ఉత్తరానికి బయల్దేరాలి. వేల కిలోమీటర్ల దారికి కావాల్సిన కొవ్వును ఒంట్లో పేర్చుకునేది ఈ నెలా నెలన్నరలోనే. అంటే చెరువు అంచుతో వాటికి ఎక్కువ పని పడేది సరిగ్గా ఇప్పుడే.

మనం ఆ అంచునే పోగొట్టుకుంటున్నాం, అదీ మంచి పనులు చేస్తూ. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీశారు. నల్లమట్టి చేలకు చేరింది, చెరువుకు లోతు వచ్చింది. అయితే జేసీబీ తవ్విన చోట ఒడ్డు గోడలా దిగింది, వాలు పోయింది. కాళేశ్వరం నీళ్లు వచ్చిన కొన్నేళ్లు నడి ఎండాకాలంలో మత్తళ్లు దుంకాయి. రైతు సంబరపడ్డాడు, పడాలి కూడా. ఉల్లంకికి మాత్రం ఆ చెరువులో కాలు పెట్టే చోటు దొరకలేదు. ఇక ఊళ్ల దగ్గరి శిఖం భూముల సంగతి అందరికీ తెలిసిందే. నీళ్లు తగ్గాక దోసా పుచ్చా పెట్టుకుని, వానాకాలం మళ్లీ చెరువుకే వదిలేసే నేల అది. పిట్టలకూ మనుషులకూ వంతులవారీగా చెల్లిన నేల. పట్నం పెరిగిన వైపల్లా అది ముందు మట్టి నింపిన జాగా, తర్వాత ప్లాటు. కరీంనగర్‌లో మానేరు మీద తీగల వంతెన 2023లో వచ్చింది, రివర్ ఫ్రంట్ పనులూ ఎత్తుకున్నారు. సాయంత్రం నడవడానికి చోటు ఉండాల్సిందే. ఒడ్డంతా సిమెంటు మెట్లూ రంగు లైట్లూ అయితే మాత్రం కట్ట మీద నడిచేవాళ్లకు చూడటానికి నీళ్లు తప్ప ఏమీ మిగలదు.

రామ్‌సర్ ఒప్పందం కింద 2024 నాటికి దేశంలో 85 చిత్తడి నేలలకు గుర్తింపు వస్తే, ఇన్ని వేల చెరువులున్న తెలంగాణకు అందులో ఒక్కటీ లేదు. గుర్తింపు వస్తే గొప్పే. రాకపోయినా చేయగలిగిన పని చిన్నది. పూడికతీత అంచనా వేసేటప్పుడు చెరువుకు ఒక పక్క వాలును ముట్టుకోవద్దని ఒక వాక్యం రాస్తే చాలు. కట్ట దగ్గర, తూము దగ్గర ఎంత తవ్వినా ఫర్వాలేదు. శిఖం వైపు నీళ్లు మెల్లగా పలచబడే చోటును అలాగే వదిలేయాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, పైగా తవ్వకం ఖర్చు కొంత మిగులుతుంది.

కాబట్టి వచ్చే ఫిబ్రవరి బర్డ్ వాక్‌కు పిలిచేవాళ్ల జాబితాలో ఫొటోగ్రాఫర్లతో పాటు మత్స్య సహకార సంఘం అధ్యక్షుణ్ని, నీటిపారుదల శాఖ ఏఈని కూడా చేర్చాలి. ఏ మూల బురద ముందు తేలుతుందో మొదటాయన చూపిస్తాడు. రెండో ఆయనకు బైనాక్యులర్ లేకపోయినా ఏం కాదు. టేపు తెచ్చుకుని, ప్యాంటు మడుచుకుంటే చాలు.