సాఫ్ట్‌వేర్ కొంటే చాలదు, పాఠానికి సమయం ఇవ్వాలి

2020 మార్చిలో కొవిడ్ వల్ల తరగతులన్నీ ఆన్‌లైన్‌కు మారినప్పుడు నేనొక పెద్ద తప్పు చేశాను. పగలు ఐటీ ఉద్యోగం, సాయంత్రాలు దగ్గర్లోని ఒక కళాశాలలో స్టాటిస్టిక్స్ చెప్పే పార్ట్‌టైమ్ పని నాది. తరగతిలో చెప్పే గంటంపావు పాఠాన్ని పిస్కాటవేలోని మా ఇంటి బేస్‌మెంట్‌లో కూర్చుని ఉన్నదున్నట్టు రికార్డు చేసి పెట్టేశాను. పరీక్షలో చాలామంది తప్పారు. ‘వీడియో మొత్తం చూశాను సార్, లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు’ అని ఒక అమ్మాయి రాసింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ వేసవిలో ఒక ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్‌ను కలిశాను. ఆవిడ సాఫ్ట్‌వేర్ ఊసే ఎత్తలేదు. ‘ఈ వారం చివరికి విద్యార్థి ఏం చేయగలగాలి?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇద్దరం కూర్చుని పాఠాన్ని చిన్న ముక్కలు చేశాం. ప్రతి ముక్క తర్వాత విద్యార్థి సొంతంగా చేయాల్సిన ఒక లెక్క పెట్టాం. తర్వాతి సెమిస్టర్‌లో అదే సాఫ్ట్‌వేర్, అదే మాస్టారు. పిల్లలు మాత్రం లెక్కలు చేశారు.

ఇదేమీ కొత్త విద్య కాదు. ముందు గమ్యం, తర్వాత పాఠం అనే పద్ధతిని విగిన్స్, మెక్‌టై 1998లోనే పుస్తకంగా రాశారు. 2014లో ఎడెక్స్ కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించినవారు, ఆరు నిమిషాల లోపు వీడియోలనే విద్యార్థులు శ్రద్ధగా చూస్తున్నారని తేల్చారు. అంతెందుకు, 1982లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి అంబేడ్కర్ వర్సిటీ, ఎదురుగా గురువు లేకున్నా చదువుకునేలా పాఠాలు రాయించింది. పెళ్లయ్యాక మా పెద్దక్క డిగ్రీ చదివింది ఆ పుస్తకాలతోనే.

‘మంచి మాస్టారుకు సుద్దముక్క చాలదా?’ అని మిత్రులు అడుగుతారు. తరగతి గదిలో చాలు. అక్కడ పిల్లల ముఖాలు చూసి మాట మార్చుకుంటాం. వీడియోకు ముఖాలు కనబడవు. పిల్లలు ఎక్కడ తడబడతారో ముందే ఊహించి కట్టాలి. దానికి సమయం, తోడు కావాలి.

మన ఊళ్లోనే బుష్, లివింగ్‌స్టన్ క్యాంపస్‌లున్న రట్గర్స్ కూడా సాకాయ్ నుంచి కాన్వాస్‌కు మారింది. ఏ విశ్వవిద్యాలయమైనా వేదిక మార్చగలదు. కానీ అమెరికాలో పార్ట్‌టైమ్ లెక్చరర్లకు సాధారణంగా కోర్సుకు ఇంత అని లెక్కగట్టి ఇస్తారు. కోర్సును తిరిగి రూపొందించే గంటలు ఆ లెక్కలోకి రావడం అరుదు. 2023 ఏప్రిల్‌లో వేతనాలు, ఉద్యోగ భద్రత కోసం రట్గర్స్ అధ్యాపకులు సమ్మె చేసినప్పుడు పార్ట్‌టైమ్ లెక్చరర్లూ అందులో ఉన్నారు. బోధన బాగుపడాలంటే ఆ గంటలకూ వెల కట్టాలి, డిజైనర్లను పెంచాలి. సాఫ్ట్‌వేర్ ఆ తర్వాతే.

పిల్లలను క్యాంపస్ చూపించడానికి తీసుకెళ్లినప్పుడు మనం హాస్టల్, జిమ్, ఉద్యోగాల గురించి అడుగుతాం. ఈసారి ఇంకొక్క ప్రశ్న కలపండి: ‘మొదటి ఏడాది కోర్సులు చెప్పేవారికి పాఠం తయారుచేసుకోవడానికి మీరు ఎంత సమయం, ఎవరి సాయం ఇస్తున్నారు?’ వేల డాలర్ల ఫీజు కట్టేది మనమే. అడిగే హక్కు మనకుంది.