ముందు గ్రౌండ్ చూపించండి

2025 డిసెంబర్ 13న మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వచ్చినప్పుడు మా మీర్‌పేట్, జిల్లెలగూడ కుర్రాళ్లు నీలం తెలుపు చారల చొక్కాలు తొడుక్కుని బైకుల మీద నాగోలు దారి పట్టారు. సువారెజ్, డి పాల్ కూడా వెంట వచ్చారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి బూట్లు కట్టుకుని స్వయంగా మైదానంలోకి దిగారు. ఫుట్‌బాల్ కోసం ఈ నగరం అంత సంబరపడటం చూసి నా మనసు నిండింది. ఏళ్ల తరబడి మైకు పట్టుకుని ఖాళీ గ్యాలరీల ముందు కామెంటరీ చెప్పినవాణ్ని, ఆ హోరు విలువ నాకు తెలుసు.

అంతకు రెండు నెలల ముందే హైదరాబాద్ ఎఫ్‌సీ మన ఊరు వదిలి ఢిల్లీకి వెళ్లిపోయింది. పేరు కూడా మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఐఎస్ఎల్ ట్రోఫీ ఎత్తిన జట్టు అది. ఆ రాత్రి గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. తర్వాతి సీజన్‌లో పట్టికలో రెండో స్థానం. ఆ పై ఏడాది డబ్బు కష్టాలు చుట్టుముట్టాయి, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, జట్టు అట్టడుగుకు పడిపోయింది. యాజమాన్యం చేతులు మారింది, క్లబ్ ఊరు మారింది. ఈ విషయం మీద మనవాళ్లు పెద్దగా మాట్లాడుకోలేదు. అదే నా బాధ.

క్లబ్ పోయిందని ఏడవడానికి కాదు ఇదంతా. కొనుక్కున్న జట్టు కొనేవాడుంటే వెళ్లిపోతుంది. పోకూడనిది ఒకటుంది, అది అంతకు చాలాముందే పోయింది.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తయారు చేసిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన కోచ్‌గా ఉండగానే భారత్ 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అమ్ముగూడ తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్ అందరూ ఈ గడ్డ మీద ఆడి పైకొచ్చినవాళ్లే. రహీం సాబ్ పెట్టిన టోర్నీల గురించి విన్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఒక టోర్నీలో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకో టోర్నీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం కుర్రాడు ఎడమ కాలితో తన్ని తన్ని నేర్చుకోవాల్సిందే. దానికి ఖరీదైన సరంజామా ఏదీ అక్కర్లేదు. ఒక గ్రౌండ్, ఒక పంతులు, ఆడేవాడికి నాలుగు వేళ్లూ లోపలికి పోయేలా పోలీసు శాఖలో ఒక ఉద్యోగం. ఈ మూడూ ఉన్నంతకాలం హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు ఎదురులేదు.

ఇప్పుడు మా వైపు చూడండి. అల్మాస్‌గూడ, నాదర్‌గుల్ దారిలో ఖాళీ స్థలం కనిపిస్తే చుట్టూ వల కట్టి, పచ్చ తివాచీ పరిచి, ఫ్లడ్‌లైట్లు పెట్టి గంటల లెక్కన అద్దెకిస్తున్నారు. పెట్టింది బాక్స్ క్రికెట్ కోసం, రాత్రి పొద్దుపోయాక కుర్రాళ్లు అందులోనే ఫుట్‌బాల్ ఆడుకుంటారు. పదిమంది తలా కొంత వేసుకుని ఆడుకునే ఆ పిల్లల మీద నాకు గౌరవమే. కానీ ఆ వల వాళ్లకు ఏం నేర్పుతోందో దగ్గర నిలబడి చూడండి. గురి తప్పిన పాస్ కూడా వలకు తగిలి మళ్లీ కాళ్ల దగ్గరికే వస్తుంది. త్రో ఇన్ లేదు, ఆఫ్‌సైడ్ లేదు. లైను వెంట పరుగెత్తి, తలెత్తి చూసి, క్రాస్ వేయాల్సిన పని అసలే లేదు. అలా పెరిగిన కుర్రాళ్లు జిల్లా జట్టులోకి వచ్చి 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పున్న గ్రౌండ్‌లో దిగగానే పదిమందీ బంతి చుట్టూనే గుమిగూడతారు. రెండు వింగులూ ఖాళీ. అది ఆ పిల్లల తప్పు కాదు. వాళ్ల కాళ్లకు అంత వెడల్పు ఎప్పుడూ తెలియనివ్వలేదు మనం.

హాకీ సంగతి వేరు. దేశం మంచి ఊపులో ఉంది. పారిస్ ఒలింపిక్స్‌లో స్పెయిన్‌పై 2-1తో కాంస్యం, 2025 సెప్టెంబర్‌లో రాజ్‌గిర్‌లో కొరియాను 4-1తో ఓడించి ఆసియా కప్, దాంతోపాటే 2026 ప్రపంచకప్ బెర్తు. దీని వెనక 2018 నుంచి జాతీయ జట్లకు స్పాన్సర్‌గా నిలబడ్డ ఒడిశా ప్రభుత్వం ఉంది. సుందర్‌గఢ్ జిల్లా పల్లెల్లో పిల్లలు నడవడం రాగానే హాకీ కర్ర పట్టుకుంటారు, ఆ జిల్లాలోనే రౌర్కెలాలో బిర్సా ముండా స్టేడియం కట్టారు. మన పేరు పెట్టుకున్న హైదరాబాద్ తూఫాన్స్ కూడా హాకీ ఇండియా లీగ్ ఫైనల్‌లో 2025 ఫిబ్రవరి 1న బెంగాల్ టైగర్స్ చేతిలో 3-4తో ఓడింది ఆ రౌర్కెలాలోనే. ఆ సీజన్‌లో హైదరాబాద్ జట్టు ఆట హైదరాబాద్‌లో ఒక్కటీ లేదు.

మూడు ఒలింపిక్స్ ఆడిన ముఖేష్ కుమార్ మన హైదరాబాదీ. రియో, టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లిన గోల్‌కీపర్ రజని ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి. బిడ్డలకు కొదవ లేదు. టర్ఫ్ మాత్రం గచ్చిబౌలిలో ఉంది. మీర్‌పేట్ అమ్మాయి అక్కడికి చేరాలంటే నగరం ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలి. బడి వదిలాక బస్సులు మారి వెళ్లి, ప్రాక్టీస్ చేసి, రాత్రికి ఇల్లు చేరమని ఏ తల్లి పంపుతుంది? ఇక్కడే మట్టిలో ఆడితే బంతి ఎగిరెగిరి వస్తుంది, కర్ర నిటారుగా పెట్టి ఆపడం అలవాటవుతుంది. తడి టర్ఫ్ మీద బంతి నేలను అంటుకుని జారుకొస్తుంది, నడుం బాగా వంచి కర్రను నేలకు ఆనిస్తే తప్ప దొరకదు. పదహారేళ్లొచ్చాక ఆ అలవాటు మార్చుకోవడం ఎంత కష్టమో ఆడినవాళ్లను అడగండి.

బాస్కెట్‌బాల్ గురించి ఒక్క మాట. 2025 ఆగస్టులో జెడ్డా ఆసియా కప్‌లో మన దేశపు ఆటగాళ్లు జోర్డాన్‌ను ఓవర్‌టైమ్ దాకా లాక్కెళ్లి 84-91తో ఓడారు. అంత బాగా ఆడిన జట్టు మిగతా రెండు మ్యాచ్‌లూ ఓడి ఇంటిముఖం పట్టింది. ఏడాది పొడవునా ఆడే గట్టి లీగ్ లేనప్పుడు ఆఖరి ఐదు నిమిషాల ఒత్తిడిని తట్టుకోవడం ఎక్కడ నేర్చుకుంటారు?

మళ్లీ ఫుట్‌బాల్‌కే వస్తాను. నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య 2024-25కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అయింది. అంతకుముందే క్రొయేషియాలో డినామో జాగ్రెబ్‌కు ఆడి వచ్చింది. మెస్సీ వచ్చాడని మనం ఉప్పల్ నింపాం. సౌమ్య ఆట చూడటానికి నింపిన గ్యాలరీ నాకు ఇంకా కనబడలేదు, కనబడాలని నా కోరిక.

మీర్‌పేట్, బడంగ్‌పేట్ కార్పొరేషన్లు గ్రేటర్‌లో కలిసిపోయాయి. ఇంటి పన్ను గురించి, చెరువుల గురించి గట్టిగా అడుగుతున్న కాలనీ సంఘాలు గ్రౌండ్ గురించి కూడా అంతే గట్టిగా అడగాలి. ఈ తూర్పు వైపు పూర్తి కొలతల ఫుట్‌బాల్ గ్రౌండ్ ఒకటి, హాకీ టర్ఫ్ ఒకటి. చెరువుల చుట్టూ వాకింగ్ ట్రాక్‌లు వేసినవాళ్లకు ఇదీ చేతనవుతుంది. అది కట్టేలోగా సర్కారు బడుల గ్రౌండ్ల గేట్లు సాయంత్రం తెరిచి పెట్టాలి, దగ్గరుండి నేర్పడానికి పీఈటీలకు అదనపు జీతం ఇవ్వాలి. పోలీసు, రైల్వే జట్లలో ఫుట్‌బాల్, హాకీ ఆటగాళ్ల నియామకాలు ఏటా జరగాలి. వేసవి శిబిరాల జాబితా ముందుగానే ఖరారవుతుంది. వార్డు ఆఫీసుకు వెళ్లి, మీర్‌పేట్‌లో ఫుట్‌బాల్ శిబిరం ఎక్కడ పెడుతున్నారో ఈ వారమే అడగండి.