పాత కేసు, పోయిన కొలువు

రాత పరీక్ష, దేహదారుఢ్య పరీక్షలు నెగ్గి ఎంపిక జాబితాలోకెక్కినా కానిస్టేబుల్ కొలువు చేతికందినట్టు కాదు. పూర్వాపరాల విచారణ మిగిలే ఉంటుంది. గట్టు తగాదాలో ఇంటిల్లిపాది పేర్లూ ఎఫ్‌ఐఆర్‌కెక్కడం, లోక్ అదాలత్‌లో రాజీపడటం పల్లెల్లో కొత్త కాదు. కేసు పోయింది కదా అని అటెస్టేషన్ ఫారంలో ‘లేదు’ అని రాస్తే మాత్రం అది నిజం దాచడమే అవుతుంది.

అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు త్రిసభ్య ధర్మాసనం దీనిపై స్పష్టత ఇచ్చింది. చిన్న వయసులో నినాదాలు చేయడం లాంటి అల్ప విషయాన్ని దాచినా అధికారులు మన్నించవచ్చు. ఫారంలో అడగని సంగతి చెప్పలేదని తప్పుపట్టకూడదు. అయితే ఉన్నదున్నట్టు చెప్పినవారికి కూడా ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. రాజీ వల్లో, సాక్షులు మాట మార్చడం వల్లో కేసు వీగిపోతే దాన్ని గౌరవప్రదమైన విడుదలగా చూడనక్కర్లేదని మెహర్ సింగ్ కేసులో 2013లోనే తేలింది. ఆయుధమూ అధికారమూ అప్పగించే శాఖకు ఆ జాగ్రత్త ఉండాల్సిందే. నా అభ్యంతరం దానిమీద కాదు, కారణం చెప్పకుండా తోసిపుచ్చడం మీద.

రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రద్దయింది కనుక బాధితులు హైకోర్టులో రిట్ వేయాలి. కోర్టు సాధారణంగా నేరుగా ఉద్యోగం ఇప్పించదు. నేర తీవ్రత, అప్పటి వయసు, తీర్పు, కొలువు స్వభావం అధికారి తూచి చూశారా లేదా అన్నదే పరిశీలిస్తుంది. ఉత్తర్వులో కారణాలే లేకపోతే అభ్యర్థి దేన్ని సవాలు చేయాలి? ఉత్తరప్రదేశ్‌కు చెందిన రవీంద్ర కుమార్ కానిస్టేబుల్ ఎంపిక 2005లో రద్దయింది. ఆయనపై కేసు అప్పటికే వీగిపోయింది. స్థానిక పోలీసులూ నడవడిక మంచిదనే నివేదించారు. అయినా సుప్రీంకోర్టులో ఊరట దొరికేసరికి 2024 వచ్చింది. యౌవనమంతా కోర్టు వాయిదాల్లో కరిగిపోయాక దక్కిన న్యాయమది.

బాలల న్యాయచట్టం 24వ సెక్షన్ మైనర్లకు, కొన్ని మినహాయింపులతో, పాత నేరం వల్ల అనర్హత అంటకుండా రక్షణ ఇచ్చింది. పద్దెనిమిది నిండాక నమోదైన నేరానికి మాత్రం ఆ రక్షణ వర్తించదు. అందుకే నియామక మండళ్లు తిరస్కరించే ముందు నోటీసివ్వాలి, అభ్యర్థి వాదన వినాలి, ఏ కారణంతో కాదన్నారో గడువులోగా రాసివ్వాలి. తమ కేసును తామే వెల్లడించినవారి విషయంలో ఇది మరీ అవసరం.