తూకపురాయి వంటిదే కంప్యూటరు తెర

బరంపురములో మా పట్టుచీరల దుకాణమునకు నేడు సగము బేరము ఫోటోల మూలముగనే జరుగుచున్నది. కిందటి మాఘమాసమున యానాములోని యొక కుటుంబమువారు పెండ్లికై ఫోటో చూచి ఆరు చీరలు తెప్పించుకొనిరి. వారు చూచినది నారింజపండు రంగు. మేము పంపినది కనకాంబరపు రంగు. ముహూర్తమునకు నాలుగు దినములే యుండగా చీరలు తిరిగి వచ్చినవి. ధననష్టము మేము భరించితిమి. కాని పెండ్లివారి మనస్సునకు కలిగిన నొప్పికి వెల కట్టగలమా?

మొదట కెమెరాను నిందించితిని. విచారింపగా తప్పు నా బల్లమీది మానిటరుదని, దానిని ఎన్నడును సరిచూడని నాదని తేలినది. అంగడిలో చూపరుల నాకర్షించుటకు పెట్టిన మితిమీరిన కాంతియే దానిలో నేటివరకు నున్నది. తెలుపు నీలమువైపు మొగ్గియున్నది. ఆ తెరను నమ్మి, ఫోటోలో ఎరుపు చాలలేదని నేనే హెచ్చించితిని!

తెరల రంగులకును ఒక కొలత కలదు. ఎస్‌ఆర్‌జీబీ యను ఆ కొలత 1999లో అంతర్జాతీయ ప్రమాణమైనది. దాని ననుసరించుట కష్టము కాదు. మానిటరును అరగంట వెలుగనిచ్చి, కిటికీ యెండ తెరపై పడకుండ చూడవలెను. రాత్రివేళ పసుపుదనము హెచ్చించు నైట్‌లైటును ఆపవలెను. మానిటరు మీటలలో ఎస్‌ఆర్‌జీబీ, లేదా 6500 కెల్విన్ అనుదానిని ఎన్నుకొనవలెను. తెరపై తెల్లని పుట, ప్రక్కన పట్టుకొనిన తెల్లకాగితము ఒకే తీరుగా కనబడువరకు బ్రైట్‌నెస్ తగ్గింపవలెను. తెల్లచొక్కా మడతలు మాసిపోకుండ కాంట్రాస్టును, నల్లకోటు మడతలు కలిసిపోకుండ గామాను సరిచేయవలెను. విండోసులో ఇందుకు దారి చూపు 'క్యాలిబ్రేట్ డిస్‌ప్లే కలర్' అను ఏర్పాటు కలదు. తుదకు దుకాణములోని చీరనొకదానిని పగటి వెలుతురున దాని ఫోటోతో పోల్చి చూడవలెను.

కొనువారి ఫోనులు వేయి విధములు గదా, మన తెర ఒక్కటి సరియైన నేమి లాభమని మిత్రులు కొందరందురు. ఎదుటివాని త్రాసు వంకరయైనచో మన రాయి తేలికగా నుండవచ్చునా? రెండు తప్పులు కలిసినపుడే రంగు పూర్తిగా మారిపోవును. మన వంతు తప్పును మనము తొలగింపవలెను.

ఇంత చేసినను నెమలికంఠపు రంగు వంటివి తెరకు పూర్తిగా లొంగవు. పడుగు నొక రంగు, పేక నొక రంగు గల ఆ బట్ట, చూచు కోణమునుబట్టి మారుచుండును. అట్టి చీరలకు రంగు పేరును వ్రాసి, వీలైనచో రెండు పోగులు తపాలాలో పంపుట ఉత్తమము.

తూకపురాళ్ళకు నిర్ణీతకాలమున ప్రభుత్వమువారు ముద్ర వేయుదురు. తెరకు ముద్ర వేయు అధికారి లేడు. అచ్చట వర్తకుని మనస్సాక్షియే అధికారి. నెలకొకసారియైన మన తెరలను సరిచూచుకొందము. మన మాటకును, మన సరకునకును ఒకే రంగు ఉండవలెను.