కోడికూర తప్పా, కోడలి తప్పా?

ప్రశ్న: మాది గుడివాడ. ఆదివారం బందరు నుంచి మా ఆడబిడ్డ, దివిసీమ నుంచి చినమామయ్యగారి కుటుంబం వచ్చారు. పులావు, కోడికూర, ఉల్లిపాయల పెరుగుపచ్చడి చేశాను. మర్నాటికి అయిదుగురికి జ్వరం, విరేచనాలు. మాంసం మానేసిన మా అత్తగారికి కూడా! మందులు వేసుకుంటే తగ్గాయి. వంట సరిగా చేయలేదని అందరూ నన్నే అంటున్నారు. మావారేమో కొట్టువాడి మీద పడ్డారు. జబ్బు ఏ కోళ్ళఫారం నుంచి వచ్చిందో సూక్ష్మజీవి జన్యువులను చదివి చెప్పగలరట. నిజమేనా?

జవాబు: నిజమే. మీ ఇంటికి వచ్చిన చుట్టం సాల్మొనెల్లా కావచ్చు; పరీక్ష లేనిదే ఖాయంగా చెప్పలేం. డేనియల్ సాల్మన్ అనే అమెరికా పశువైద్యుడి పేరు దానికి పెట్టారు. 1885లో పందులలో దాన్ని పట్టుకున్నది మాత్రం ఆయన కింద పనిచేసిన థియొబాల్డ్ స్మిత్. పని ఒకరిది, పేరు ఒకరిది!

ఇది కోడి పేగుల్లో కాపురం ఉంటుంది. తరచు కోడి పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. కోసేటప్పుడు మాంసానికి అంటుకుంటుంది. దీనిలో 2,500కు పైగా రకాలున్నాయి. కాని ఒకే రకం ఎన్నో ఫారాల్లో ఉండవచ్చు కనుక, రకం తెలిసినంత మాత్రాన ఊరు తెలియదు.

బందరు కలంకారీ అద్దకం చూశారు కదా! చెక్క అచ్చులో పువ్వురెక్క విరిగితే, దానితో అద్దిన ప్రతి గుడ్డమీదా ఆ రెక్క విరిగే ఉంటుంది. ఇదీ అంతే. సాల్మొనెల్లా జన్యుపాఠంలో సుమారు 48 లక్షల అక్షరాలు. ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరిగేటప్పుడు ఎప్పుడో ఒక అక్షరం తప్పు పడుతుంది; ఆ తప్పు సంతానానికంతా వస్తుంది. రోగి మలంలోదీ, మాంసంలోదీ, ఫారం రెట్టలోదీ పక్కపక్కన పెట్టి చదువుతారు. తేడా రెండు మూడు అక్షరాలే అయితే ఒకే కుటుంబం. వందల్లో ఉంటే చుట్టరికం లేనట్టే. 2014లో ఇంగ్లండు, ఫ్రాన్సు, ఆస్ట్రియా రోగులలో దొరికిన సూక్ష్మజీవుల జాడ ఇలాగే జర్మనీలోని ఒక గుడ్ల ఉత్పత్తిదారు దాకా వెళ్ళింది.

మరి మీ ఇంట్లో? మలపరీక్ష లేకుండానే మందులు పడ్డాయి. మిగిలిన మాంసమూ పారేసే ఉంటారు. ఆ దారం అక్కడే తెగింది. ఇక కొట్టువాడి మీద నేరం మోపడం ఉత్త ఊహ. మీకు దగ్గరలోనే గన్నవరంలో 1998లో పశువైద్య కళాశాల వెలిసింది. అయితే మనిషి పరీక్ష ఆస్పత్రిలో, కోడి పరీక్ష పశువైద్యుల దగ్గర విడివిడిగా ఉండిపోతే ఫలం లేదు. రెండూ కలిపి చదవాలి.

మీ అత్తగారు పెరుగుపచ్చడి తిన్నారా? తింటే కత్తిపీటను అనుమానించండి. బాగా ఉడికిన కూరలో ఈ క్రిమి బతకదు. పచ్చిమాంసం కోసిన కత్తిపీట మీదే ఉల్లిపాయలు తరిగితే పచ్చడిలోకి చేరుతుంది. మాంసానికి వేరే కత్తి ఉంచండి. కుళాయి ధార కింద కడగకండి. తుంపరలు పక్క గిన్నెల్లో పడతాయి. చేతులు సబ్బుతో కడుక్కోండి. పసిపిల్లలకూ ముసలివారికీ విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. నీళ్ళు తాగిస్తూ వెంటనే డాక్టరుకు చూపించండి.

కత్తిపీట జాగ్రత్త మీది. కాని ఫారంలో పుట్టినదానికి ఒక్క కోడలినే బోనులో నిలబెట్టడం న్యాయం కాదు. ఈ జవాబు మీరు చదివి వినిపించకండి. సీరియల్ కోసం మీ అత్తగారు పత్రిక తీస్తారుగా, ఈ పేజీ మడిచి ఉంచండి చాలు.